ఏ నేలకు ఆ సావిడి

వేసవిలో పాలు తగ్గడం మన సంఘాలకు కొత్త కాదు. ఉగాది దాటేసరికి పాల కేంద్రం ముందు సాయంత్రపు బారు పొట్టిదవుతుంది. బారులో నిలబడిన వారి చేతుల్లో క్యాను తేలికవుతుంది. కారణం అడిగితే పచ్చిమేత లేదంటారు, చెరువులో నీళ్ళు లేవంటారు, గేదెలు ఈ కాలంలో ఈనడం తక్కువంటారు. మూడూ నిజమే. నాలుగో కారణం మాత్రం ఎవరూ చెప్పరు. దానిని డబ్బు పెట్టి పశువు నెత్తి మీద మనమే కట్టాం కాబట్టి చెప్పబుద్ధి కాదు. అది సావిడి కప్పు.

సావిడి అన్నా, కొట్టం అన్నా, పాక అన్నా మనం చెప్పుకునేది పశువు నిలబడే నీడ గురించే. ఎన్ని అడుగుల పొడుగు, ఎన్ని ఇటుకలు, ఎంత ఖర్చు అనే లెక్కలు అందరూ చెబుతారు. ఆ లెక్కల కంటే ముందు చూడవలసినవి ఆ చోటి ఎండ, గాలి, వాన, నేల వాలు. ఈ నెల పాఠం వాటి గురించి.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మేము ఆరు గేదెలకు సరిపోయే సావిడికి ఒక నమూనా పటం గీయించి సంఘాలకు పంచాము. నాలుగు పక్కలా ఇటుక గోడ, మీద సిమెంటు రేకులు, ఒక తలుపు, రెండు చిన్న కిటికీలు. దొంగల భయం వున్న సభ్యులకు ఆ పటం నచ్చింది. లెక్క సుళువుగా తేలుతుంది గనుక అప్పు ఇచ్చేవారికి ఇంకా నచ్చింది. ఎన్నో ఊళ్ళలో అలాగే కట్టారు.

పల్నాడు వైపు ఒక గ్రామానికి మే నెలలో మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాము. ఆ పటం ప్రకారం కట్టిన సావిడిలోకి అడుగుపెట్టి చెయ్యి పైకెత్తితే రేకు అందకముందే అరచేతికి సెగ కొట్టింది. గేదెలు నోళ్ళు తెరిచి, చొంగ కారుస్తూ, డొక్కలు ఎగరేస్తున్నాయి. ఒక్కటీ నెమరు వేయడం లేదు. గాడిలో వేసిన మేత వేసినట్టే వుంది. దారికి అవతల పక్క వేపచెట్టు కింద పాత బోదకప్పు సావిడి ఒకటి, గోడలు కూడా లేనిది. అందులో గేదెలు కాళ్ళు ముడుచుకు పడుకుని నెమరు వేసుకుంటున్నాయి. రెండు చోట్లా ఎండ ఒకటే, ఊరు ఒకటే. కొత్త సావిడి సభ్యురాలు పెద్దావిడ. ఆమె మా పటం తెచ్చి మా చేతిలోనే పెట్టి, "ఏం బాబూ, మీ కాయితంలో కొలతలన్నీ వున్నాయి గాని పడమర ఏ పక్కో లేదే!" అన్నది.

నిజంగానే లేదు. దిక్కుల గుర్తు వేయడం మేము మరిచిపోయాము. గుర్తు లేదు గనుక దారి ఎటు వుంటే అటు ముఖం పెట్టి ఎవరికి తోచినట్టు వారు కట్టారు. ఆమె సావిడి పొడుగు గోడ సరిగ్గా పడమటి ఎండకు ఎదురుగా వుంది.

పశువుకు వేడి ఎటునుంచి వస్తుంది?

పశువు ఒంటి వేడి 38.5 డిగ్రీల దగ్గర వుంటుంది. అది మేసిన మేత పెద్ద పొట్టలో పులిసేటప్పుడు లోపలే వేడి పుడుతుంది. ఎండుగడ్డి ఎక్కువగా తింటే ఆ వేడి ఇంకా ఎక్కువ. ఆ వేడిని బయటకు పంపడానికి దానికి వున్న దారులు చెమట, ఊపిరి, ఒంటికి తగిలే గాలి. గేదెకు చెమట గ్రంథులు ఆవు కంటే బాగా తక్కువ. పైగా ఒళ్ళు నలుపు, వెంట్రుక పలుచన. అందుకే అది బురదగుంట కనిపిస్తే ఆగదు. సంకరజాతి ఆవుల్లో, ముఖ్యంగా హోల్‌స్టీన్ రక్తం ఎక్కువగా వున్నవాటికి, గాలి వేడి 25, 26 డిగ్రీలు దాటినప్పటి నుంచే ఇబ్బంది మొదలవుతుంది. మన మైదాన ప్రాంతాల్లో మే నెలలో చాలా చోట్ల రాత్రిపూట కూడా వేడి అంతకు దిగదు.

లోపలి వేడిని పంపలేని పశువు ముందు మేత తగ్గిస్తుంది. మేత తగ్గితే పాలు తగ్గుతాయి. అంతటితో పోదు. ఎద సరిగా కనిపించదు, కట్టించినా చూలు నిలవదు. ఆ నష్టం వచ్చే ఏడాది పుస్తకంలో తేలుతుంది గనుక దానిని సావిడి ఖాతాలో ఎవరూ రాయరు.

ఎండ సూటిగా తగలకపోయినా కాలిన రేకు, కాలిన గోడ పొయ్యి లాగే సెగ విసురుతాయి. నాలుగు పక్కలా గోడ వుంటే ఆ సెగ పోయే దారి లేదు. చెట్టు నీడ చల్లగా వుండడానికి కారణం వుంది. ఆకు తనలోని నీటిని ఆవిరిగా వదులుతూ తాను వేడెక్కకుండా చూసుకుంటుంది. రేకుకు ఆ పని చేతకాదు.

కర్ర పాతి చూడండి

సావిడి కట్టదలచిన చోట ఆరడుగుల కర్ర నిలువుగా పాతండి. మిట్టమధ్యాహ్నం దాని నీడ చూడండి. హైదరాబాదు దగ్గర డిసెంబరు మూడో వారంలో ఆ నీడ ఉత్తరంగా అయిదడుగుల పైన పడుతుంది. మార్చి 21 ప్రాంతంలో రెండడుగులకు తగ్గుతుంది. మే 9 ప్రాంతంలో సూర్యుడు నడినెత్తి మీదికి వచ్చి నీడ కర్ర మొదట్లోనే మాయమవుతుంది. అప్పటి నుంచి ఆగస్టు 3 ప్రాంతం వరకు నీడ కొద్దిగా దక్షిణానికి పడుతుంది. అంటే ఆ రోజుల్లో సూర్యుడు మనకు ఉత్తరంగా వున్నాడన్నమాట. అనంతపురంలో అయితే ఈ నడినెత్తి ఎండ పది రోజులు ముందే వస్తుంది.

దీనిని బట్టి తేలేదేమంటే, సావిడి పొడుగు తూర్పు పడమరలుగా వుంచి చూరు బాగా ముందుకు దించితే వేసవి మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. చలికాలంలో మాత్రం ఏటవాలు ఎండ దక్షిణం నుంచి లోపలికి వచ్చి నేలను ఆరబెడుతుంది. మిగిలినది పడమటి ఎండ. సాయంత్రం నాలుగింటికి అది చూరు కిందుగా దూరుతుంది, చూరుతో దానిని ఆపలేము. ఆరు గేదెలను ఒకే వరుసలో కట్టే సావిడి పొడుగు 24 అడుగులు, వెడల్పు 14 అడుగులు అనుకుందాం. పొడుగు తూర్పు పడమరలుగా వుంటే పడమటి ఎండకు ఎదురయ్యేది 14 అడుగులే. తిప్పి కడితే 24 అడుగులు. ఈ మార్పుకు ఒక్క ఇటుక కూడా అదనంగా అక్కరలేదు.

వాస్తు సంగతి తప్పక అడుగుతారు. పశువుల శాల ఇంటికి వాయవ్యాన వుండాలని చాలామంది అంటారు. దానితో మాకు పేచీ లేదు. మన ప్రాంతంలో ఏడాదిలో ముఖ్యమైన గాలులు రెండు, నైరుతి గాలి, ఈశాన్యపు గాలి. వాయవ్యాన వున్న సావిడి వాసన ఈ రెండు గాలుల్లో దేనితోనూ సూటిగా ఇంట్లోకి రాదు. పెద్దలు ఇది చూసే చెప్పారేమోనని మాకు అనిపిస్తుంది. వాయవ్యాన చోటు లేనివారు దిగులు పడనక్కరలేదు, గాలి ఎటు వీస్తుందో చూసుకుంటే చాలు.

అన్ని ఊళ్ళకూ ఒకే పటం పనికిరాదు

ఇప్పుడు చెప్పినది ఎండిన ప్రాంతాలకు సరి. డెల్టాకు వచ్చేసరికి లెక్క మారుతుంది. అక్కడ ఎండతో పాటు తేమ కూడా శత్రువే. నల్లరేగడి నేల, ఎప్పుడూ చెమ్మ, ఆరని గచ్చు. గిట్టలు మెత్తబడి పుళ్ళు పడతాయి, పొదుగువాపు పట్టుకుంటుంది. వానలు ఎక్కువగా వుండే చోట సావిడి పొడుగు ఉత్తర దక్షిణాలుగా వుంచడమే మేలు. పొద్దుటి ఎండ తూర్పు పక్క పొడవునా లోపలికి వచ్చి నేలను ఆరబెడుతుంది. పడమటి చూరును బాగా కిందికి దించాలి, ఆ పక్క చెట్లు పెంచాలి. తూర్పు దక్షిణాలు మాత్రం మూయకూడదు. సాయంత్రం పైరగాలి వచ్చేది అటునుంచే. గడ్డివామిని తెచ్చి సరిగ్గా ఆ గాలికి అడ్డంగా వేసినవారిని ఎందరినో చూశాము. డెల్టాలో సావిడి నేలను చుట్టుపట్ల నేల కంటే అడుగున్నర అయినా ఎత్తు చేయాలి.

చల్లదనానికి నీళ్ళు చల్లే విషయంలోనూ ఇదే తేడా. రామగుండం, రెంటచింతల వంటి పొడి ఎండ ప్రాంతాల్లో పడమటి పక్క గోనె పట్టాలు కట్టి తడుపుతుంటే వడగాలి వాటిలోంచి వచ్చేటప్పటికి చల్లబడుతుంది. మంచి ఉపాయం. అదే పని సముద్రం దగ్గర ఊళ్ళలో, గాలి ఆడని సావిడిలో చేస్తే చెమ్మ పెరిగి పశువు మరింత రొప్పుతుంది. అక్కడ ముందు గాలి కావాలి. గాలి ఆడుతున్నప్పుడే పశువు ఒంటి మీద నీళ్ళు పోయాలి.

మన పెద్దలకు ఈ తేడాలు తెలుసు. రాయలసీమలో రాతి గోడలు కట్టి, దూలాలు పరిచి, మీద మందంగా మట్టి వేసి మిద్దెలు కట్టారు. అనంతపురంలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లే గనుక మట్టికప్పు నిలిచింది. ఆ మందపు కప్పు పగటి వేడిని మెల్లగా పీల్చుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. కాబట్టి మిద్దె కొట్టంలో పశువును పగలు లోపల, రాత్రి బయట దొడ్లో కట్టాలి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు! తెలంగాణలో మట్టిగోడల మీద గూనపెంకు కప్పారు. పెంకుకూ పెంకుకూ మధ్య సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళు కట్టారు. గుండ్రని మట్టిగోడ, దాదాపు నేల దాకా దిగిన గడ్డికప్పు. తుపాను గాలికి పట్టు దొరకదు, చుట్టూ జారిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నం చుట్టుపట్ల రేకులు కాగితాల్లా లేచిపోవడం చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. తీరంలో రేకుల సావిడి కట్టేవారు రెండు వాలుల కప్పు కాక నాలుగు పక్కలా వాలు వుండే కప్పు వేసుకోవాలి. వాసాలను స్తంభాలకు, స్తంభాలను పునాదికి గట్టిగా బిగించాలి. ఇక ఉప్పెన వస్తే ఏ కప్పూ కాపాడదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో వేలమంది మనుషులతో పాటు లెక్కలేనన్ని పశువులు పోయాయి. హెచ్చరిక రాగానే పలుపులు విప్పి పశువులను మెరకకు తోలుకుపోవడమే మార్గం.

లంబసింగి వైపు కొండ ఊళ్ళ సభ్యులు ఇదంతా చదివి నవ్వుకోవచ్చు. వారికి మార్గశిర పుష్యాలలో ఉత్తరపు పక్కన వెదురు తడిక కావాలి, దూడల కింద మందంగా గడ్డి కావాలి.

కప్పు, గోడ

గుజరాత్‌లోని మెహసానాలో దూధ్‌సాగర్ డెయిరీ వుంది. మన వంటి పాల సహకార సంఘాల డెయిరీయే. 1970 దశకం మొదట్లో దాని భవనానికి రూపం ఇచ్చినవారు అచ్యుత్ కాన్విందే. ఆ భవనం పైన వరుసగా పెద్ద పెద్ద గాలిగూళ్ళు లేచి కనిపిస్తాయి. అలంకారం కొరకు పెట్టినవి కావు. పాలు కాచే చోట పుట్టే వేడి, ఆవిరి తమంతట తాము పైకి పోవడానికి పెట్టిన దారులు. వేడిగాలి పైకి పోతుంది, దాని చోటులోకి కింద నుంచి చల్లగాలి వస్తుంది. అంత పెద్ద డెయిరీకి పనికివచ్చిన సూత్రం ఆరు గేదెల సావిడికీ పనికివస్తుంది. కప్పు నడికొప్పు దగ్గర జానెడు సందు వదిలి, దాని మీద వాన పడకుండా ఇంకొక చిన్న కప్పు వేయండి. చూరు ఎనిమిది అడుగుల ఎత్తుకు తగ్గకుండా చూడండి, కొప్పు ఇంకా ఎత్తుగా వుండాలి. వానజల్లు బాగా కొట్టే చోట చూరు కొంత దించక తప్పదు. అప్పుడు కొప్పు సందు మరీ ముఖ్యం.

గోడ సంగతి. దొంగల భయం నిజమైనదే, దానిని కొట్టిపారేయలేము. దానికి మంచి జవాబు తిరువనంతపురంలో పనిచేసిన లారీ బేకర్ అనే వాస్తుశిల్పి కట్టడాలలో వుంది. ఆయన ఇంగ్లండులో పుట్టి, మన దేశంలో స్థిరపడి, 2007లో కన్నుమూశారు. ఊరికి అయిదు మైళ్ళ లోపల దొరికే సరుకుతోనే ఇల్లు కట్టాలని గాంధీగారు చెప్పిన మాట తనను మార్చిందని చెప్పుకునేవారు. ఆయన ఇటుకకూ ఇటుకకూ మధ్య సందు వదులుతూ జాలీ గోడలు కట్టించారు. గాలి వస్తుంది, వెలుతురు వస్తుంది, పశువును తోలుకుపోయే సందు వుండదు. ఇటుకలు కూడా తక్కువ పడతాయి. సావిడికి పడమట మాత్రం నిండు గోడ, మిగిలిన మూడు పక్కలా మూడడుగుల గోడ మీద జాలీ కడితే చాలు.

అయిదు మైళ్ళ మాట మనకూ వర్తిస్తుంది. కడప, కర్నూలు వైపు రాతి కూసాలు దొరుకుతున్నప్పుడు చెదపట్టే కర్ర ఎందుకు? నాపబండ పరిచేవారు మాత్రం ఉలితో గాట్లు పెట్టించాలి. నున్నటి బండ మీద జారి నడుము విరిగిన చూడి గేదె ఖరీదు బండల ఖరీదు కంటే ఎక్కువ.

బోదకప్పు, తాటాకు కప్పు అన్నింటికంటే చల్లన. కాని రెండు మూడేళ్ళకోసారి కప్పించాలి, కప్పేవారు దొరకడం లేదు, వేసవిలో నిప్పు భయం. అందుకని రేకు వేసుకున్న వారిని మేము తప్పు పట్టము. రేకు మీద తాటాకు పలచగా పరిచి కట్టినా సెగ బాగా తగ్గుతుంది. లేదా వేసవి ముందు రేకు పైన చిక్కగా సున్నం కొట్టండి. తొలకరి వానలకు అది కడిగిపోతుంది, అప్పటికి దాని అవసరమూ తీరిపోతుంది. ఆనపతీగ, గుమ్మడితీగ పాకించినా మంచిదే. సిమెంటు రేకులను కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. ఆ పని తడిపి చేయించాలి, పిల్లలను దగ్గరికి రానీయకూడదు.

నేల, చెట్టు

గేదెకు కప్పు కింద 4 చదరపు మీటర్లు, అంటే సుమారు 43 చదరపు అడుగులు కావాలి. ఆవుకు 3.5 మీటర్లు చాలు. దానికి రెట్టింపు ఆరుబయట వుండాలి. ఆ ఆరుబయలు వదలకుండా వున్న చోటంతా కప్పు వేసేవారే ఎక్కువ. పశువు నిలబడే చోట అయిదడుగులకు ఒకటిన్నర అంగుళం వాలు పెట్టండి. అంతకు మించితే చూడి పశువుకు ఇబ్బంది. మూత్రం కాలువ నేల వాలు ఎటు వుంటే అటే తీసి పచ్చిగడ్డి మడిలోకి గాని ఎరువు గుంతలోకి గాని వదలాలి. పల్లంలో కట్టిన సావిడికి ఎన్ని కాలువలు తవ్వినా వానాకాలం బాధ తీరదు. చోటు చూసేటప్పుడు ఒక పెద్ద వాన వెలిసిన మర్నాడు వెళ్ళి చూడండి. నీరు ఎక్కడ నిలిచిందో నేలే చెబుతుంది.

చెట్టు నాటడం సావిడి కట్టే ఏడాదే జరగాలి. పడమట, నైరుతిన వేప, కానుగ వేయండి. అవిసె వేస్తే నీడతో పాటు మేత కూడా దొరుకుతుంది. కొబ్బరి చెట్టు కింద మాత్రం పశువును కట్టకండి. కాయ ఎప్పుడు రాలుతుందో ఎవరికీ చెప్పి రాలదు.

ఆ పల్నాడు గ్రామంలో ఏం చేశారో చెప్పాలి కదా. సావిడిని తిప్పి కట్టడం ఎవరివల్లా కాదు. తూర్పు గోడను, ఉత్తరపు గోడను మూడడుగుల దాకా విప్పించి మీద జాలీ కట్టించారు. పడమటి గోడ ముందు పందిరి వేసి దాని మీదికి ఆనపతీగ ఎక్కించారు. కొప్పు దగ్గర రేకులు జరిపి సందు చేశారు. మరుసటి వేసవిలో మేము అదే వేళకు వెళ్ళినప్పుడు నాలుగు గేదెలు పడుకుని నెమరు వేస్తున్నాయి, రెండు నిలబడి వున్నాయి. వేపచెట్టు కింది సావిడి అంత చల్లగా లేదు, ఆ మాట కూడా రాయాలి. విప్పిన ఇటుకల్లో జాలీకి పోను మిగిలిన వాటితో పెద్దావిడ కుడితి తొట్టి కట్టించుకున్నది. మా పటంలో ఇప్పుడు పై మూలన బాణం గుర్తు వేసి ఉత్తరం అని రాశాము. డెల్టాకు వేరే పటం, తీరానికి వేరే పటం తయారయ్యాయి. పాత పటం ఏ సంఘంలోనైనా ఇంకా గోడకు వుంటే దయచేసి తీసివేయండి.